పౌరసంబంధాల తొలినాటి ప్రచారాన్ని విప్పి చూడటం ఎలా?

జర్నలిజం, పౌరసంబంధాల (పబ్లిక్ రిలేషన్స్) కోర్సులో చేరిన విద్యార్థికి ఈ వృత్తి చరిత్ర తొలి పాఠాల్లోనే ఎదురవుతుంది. ఐవీ లీ, ఎడ్వర్డ్ బెర్నేస్ అనే ఇద్దరు తొలితరం అమెరికన్ ప్రచారకర్తల పేర్లు, నాలుగైదు తేదీలు, ఒక నిర్వచనం కంఠస్థం చేస్తే పరీక్ష గట్టెక్కవచ్చు. అయితే ఈ చరిత్రలో ఒక చిక్కు ఉంది. దీన్ని మనకు మొదట చెప్పినవారిలో చాలామంది ఆ వృత్తిలోనివారే, అంటే తమ గురించీ తమ ఖాతాదారుల (ఫీజు ఇచ్చి ప్రచారం చేయించుకునేవారి) గురించీ మంచి మాట పుట్టించడమే పనిగా పెట్టుకున్నవారే. అందువల్ల వారి కథలను ఉన్నవి ఉన్నట్టుగా అప్పజెప్పడం కంటే, ఒక పాత ప్రచారాన్ని చేతిలోకి తీసుకుని దాన్ని పొరలు పొరలుగా ఎలా విప్పాలో నేర్చుకోవడం విద్యార్థికి ఎక్కువ ఉపయోగపడుతుంది. ఈ వ్యాసం ఆ పద్ధతిని వివరిస్తుంది. ఇందులోని ఉదాహరణలు దాదాపుగా అన్నీ అమెరికాకు చెందినవి. జీతం, కార్యాలయం, ఫీజు ఉన్న వృత్తిగా ఈ పని తొలుత నిలదొక్కుకున్నది ప్రధానంగా అక్కడే.

ముందుగా ప్రచారాన్ని పక్కన పెట్టి, దానికంటే ముందున్న ఫిర్యాదును వెతకాలి. ఎవరికి ఎవరి మీద కోపం వచ్చింది, ఎందుకు వచ్చింది, ఆ కోపం వల్ల ఎవరి వ్యాపారానికి ముప్పు ఏర్పడింది అన్న మూడు సంగతులను కాగితం మీద రాసుకున్న తరువాతే ప్రచారకర్త ఏం చేశాడో చూడాలి. 1889లో జార్జ్ వెస్టింగ్‌హౌస్ తన విద్యుత్ సంస్థ కోసం ఎర్నెస్ట్ హైన్రిక్స్ అనే పాత్రికేయుణ్ణి నియమించుకున్నాడంటే దానికి కారణం ఆ సంస్థ అందించే ఆల్టర్నేటింగ్ కరెంటు ప్రాణాంతకమని పోటీదారు థామస్ ఎడిసన్ పక్షం జనాన్ని భయపెడుతూ ఉండటమే. 1900 తరువాతి దశాబ్దంలో రైల్వేలు, చమురు, బొగ్గు కంపెనీల గుత్తాధిపత్యాన్ని పత్రికలు వరసగా బయటపెట్టాయి, అధ్యక్షుడు థియొడోర్ రూజ్‌వెల్ట్ ప్రభుత్వం వాటిని అదుపు చేసే చట్టాలకు పూనుకుంది. అంతవరకు విలేకరిని గుమ్మం దగ్గరే ఆపిన యజమానులు ఆ ఒత్తిడి వల్లనే అతనికి లోపల కుర్చీ వేయవలసి వచ్చింది.

పెన్సిల్వేనియా బొగ్గు గనుల విషయం తీసుకుంటే ఈ మొదటి అడుగు ఎంత అవసరమో తెలుస్తుంది. 1902లో ఆంథ్రసైట్ (గట్టి రకం బొగ్గు) గని కార్మికులు సమ్మె చేసినప్పుడు యాజమాన్యాల తరఫున నిలబడిన జార్జ్ బేర్ పత్రికలతో మాట్లాడటానికి ఇష్టపడలేదు. కార్మిక నాయకుడు జాన్ మిచెల్ మాత్రం విలేకరులు అడిగిన ప్రతిదానికీ ఓపికగా జవాబు చెప్పాడు. ఫలితంగా జనానికి చేరిన కథలో ఎక్కువ భాగం కార్మికుల వైపు నుంచి వెళ్ళినదే. 1906లో మళ్ళీ సమ్మె ముంచుకొచ్చేసరికి అదే యాజమాన్యాలు న్యూయార్క్ పత్రికల్లో పనిచేసి వచ్చిన ఐవీ లీని పిలిపించుకున్నాయి. 1902ను చదవకుండా 1906 దగ్గర మొదలుపెట్టిన విద్యార్థి, గని యజమానులకు హఠాత్తుగా పారదర్శకత మీద మమకారం పుట్టిందని రాసే ప్రమాదం ఉంది.

రెండవ అడుగులో డబ్బు ఎవరిది, పేరు ఎవరిది అన్నది చూడాలి. ఒక వార్త వెనుక ఖర్చు పెట్టినవారి పేరు పాఠకుడికి తెలిసిందా లేదా అన్న ఒక్క ప్రశ్నతోనే తొలినాటి ప్రచారాలు రెండు గుంపులుగా విడిపోతాయి. 1900లో బోస్టన్‌లో మొదలైన పబ్లిసిటీ బ్యూరోను ఈ రంగంలో తొలి సంస్థగా చెబుతారు. రైల్వేల రవాణా చార్జీలను నియంత్రించే హెప్‌బర్న్ బిల్లును ఎదిరించడానికి రైలు కంపెనీలు ఈ సంస్థను నియమించుకున్నాయి. సంస్థ తన ఖాతాదారు ఎవరో చెప్పకుండా చిన్న ఊళ్ళ పత్రికలకు తయారైన వ్యాసాలు పంపింది. రే స్టానార్డ్ బేకర్ అనే పాత్రికేయుడు ఆ గుట్టును 1906లో రట్టు చేశాడు, బిల్లు కూడా అదే సంవత్సరం చట్టమైంది.

సరిగ్గా అదే సంవత్సరం ఐవీ లీ సంపాదకులకు పంపిన సూత్రాల ప్రకటనను ఈ నేపథ్యంలో చదవాలి. తమది రహస్య పత్రికా కార్యాలయం కాదని, పని అంతా బహిరంగంగానే సాగుతుందని, పంపిన విషయం ప్రకటనల విభాగానికి వెళ్ళవలసినదని సంపాదకుడికి అనిపిస్తే దాన్ని వాడవద్దని, తమ సమాచారం ఖచ్చితమైనదని, ఏ వివరాన్నైనా నేరుగా సరిచూసుకోవాలనుకునే సంపాదకుడికి సంతోషంగా సాయపడతామని అందులో ఉంది. రహస్య కార్యాలయం కాదన్న మాట ఎవరిని వేరుచేసి చూపడానికి వచ్చిందో పబ్లిసిటీ బ్యూరో సంగతి తెలిసినవారికి వేరే చెప్పనక్కరలేదు. ఆ ఏడాది అక్టోబరు 28న అట్లాంటిక్ సిటీ దగ్గర, పడవలకు దారి ఇవ్వడానికి తెరుచుకునే వంతెన మీద పెన్సిల్వేనియా రైల్‌రోడ్ వారి ఎలక్ట్రిక్ రైలు పట్టాలు తప్పి నీటిలో పడింది. 53 మంది చనిపోయారు. ప్రమాదాలను వీలైనంత దాచిపెట్టడం రైల్వేలకు అలవాటుగా ఉన్న ఆ రోజుల్లో కంపెనీ తరఫున లీ ఒక ప్రకటన విడుదల చేశాడు. న్యూయార్క్ టైమ్స్ దాన్ని రెండు రోజుల తరువాత యథాతథంగా అచ్చు వేసింది. మొట్టమొదటి ప్రెస్ నోట్‌గా పాఠ్యపుస్తకాలు సాధారణంగా పేర్కొనేది దీన్నే. మొదటిదా కాదా అన్న వాదన కంటే, ప్రమాదం జరిగిన రైల్వేయే తన పేరుతో ముందుకు వచ్చి మాట్లాడిందన్నది గుర్తుంచుకోవలసిన సంగతి.

మూడవ అడుగు అన్నిటికంటే కష్టమైనది, ఎక్కువ సమయం పట్టేది. ప్రచారంలో ఉన్న ప్రతి అంకెనూ, ప్రతి ఆరోపణనూ దానికి సంబంధం లేని మరొక ఆధారంతో పోల్చి చూడాలి. ఇందుకు 1914 నాటి లడ్లో ఉదంతాన్ని మించిన పాఠం లేదు. కొలరాడో రాష్ట్రంలో రాక్‌ఫెల్లర్ కుటుంబం ప్రధాన వాటాదారుగా ఉన్న కొలరాడో ఫ్యూయల్ అండ్ ఐరన్ కంపెనీ గనుల్లో సమ్మె చేసిన కార్మికులు కంపెనీ ఇళ్ళ నుంచి వెళ్ళగొట్టబడి లడ్లో అనే చోట డేరాల్లో కాపురం ఉంటున్నారు. ఏప్రిల్ 20న రాష్ట్ర నేషనల్ గార్డు సైనికులు, కంపెనీ కాపలాదారులు ఆ డేరాల మీద దాడి చేశారు, డేరాలు తగలబడ్డాయి. ఒక డేరా కింద తవ్వుకున్న గుంటలో తలదాచుకున్న ఇద్దరు స్త్రీలు, 11 మంది పిల్లలు ఊపిరాడక చనిపోయారు. దేశమంతా రాక్‌ఫెల్లర్‌ను వేలెత్తి చూపుతున్న ఆ సమయంలో జాన్ డి. రాక్‌ఫెల్లర్ జూనియర్ ఐవీ లీ సాయం కోరాడు.

లీ వరసగా బులెటిన్లు తయారు చేసి దేశంలోని ముఖ్యులకు, పత్రికలకు అందేలా చూశాడు. వాటి మీద లీ పేరు లేదు; గని యాజమాన్యాల కమిటీ పేరుతోనే అవి వెలువడ్డాయి. ఒక బులెటిన్‌లో సమ్మె నాయకులు భారీగా సంపాదిస్తున్నారని చూపే లెక్కలున్నాయి. ఆ లెక్కల్లో ఒక ఏడాది మొత్తానికి ఇచ్చిన జీతభత్యాలను కేవలం తొమ్మిది వారాల సంపాదనగా చూపించారు. ఇక్కడ విద్యార్థి చేయవలసిన పని సులభంగానే కనిపిస్తుంది: కార్మిక సంఘం సొంత వార్షిక లెక్కలను బులెటిన్ పక్కన పెట్టుకుని, అంకె సరిగ్గా ఉన్నా దాని కాలవ్యవధి మారిందేమో చూడటం. తప్పుడు లెక్కలన్నీ కల్పిత అంకెలతోనే తయారు కావు. ఒక నిజమైన అంకె కింద వేరే శీర్షిక పెట్టినా సరిపోతుంది.

1915లో అమెరికా ప్రభుత్వపు పారిశ్రామిక సంబంధాల కమిషన్ లీని విచారణకు పిలిచింది. తాను ప్రచురించిన సంగతులు నిజమో కాదో తెలుసుకోవడానికి సొంతంగా ఏ ప్రయత్నం చేశావని అడిగినప్పుడు, ఏమీ చేయలేదని, కంపెనీ అధికారులు ఇచ్చిన సమాచారాన్నే తీసుకున్నానని అతను ఒప్పుకున్నాడు. తొమ్మిదేళ్ళ కిందటి ప్రకటనలో తమ సమాచారం ఖచ్చితమైనదని రాసిన వ్యక్తి ఇచ్చిన జవాబు ఇది. ఈ రెండు పత్రాలను ఒకే పేజీలో ఎదురెదురుగా పెట్టి చదవని వ్యాసం, ఎంత చక్కగా రాసినా, లీ గురించి సగమే చెప్పినట్టు. రచయిత అప్టన్ సింక్లెయిర్ అతనికి ‘పాయిజన్ ఐవీ’ (తాకితే దురద పుట్టించే ఒక విషపు మొక్క పేరు) అని పేరు పెట్టాడు. ఆ పేరు అతన్ని జీవితాంతం వదల్లేదు. ఆ పేరు ఒక్కటి పట్టుకుని లీని విలన్‌గా తేల్చడం కూడా తొందరపాటే అవుతుంది, ఎందుకంటే పరిశీలనలో నాలుగవ అడుగు ఇంకా మిగిలి ఉంది.

ప్రచారం ముగిసిన తరువాత ఖాతాదారు నడవడిలో ఏమైనా మారిందా అన్నది ఆ నాలుగవ ప్రశ్న. 1915 సెప్టెంబరులో రాక్‌ఫెల్లర్ జూనియర్ స్వయంగా కొలరాడో గనులకు వెళ్ళి, కార్మికుల ఇళ్ళలోకి వెళ్ళి మాట్లాడాడు, ఒక విందులో వారి భార్యలతో కలిసి నృత్యం చేశాడు. ఆ నృత్యం గురించి పత్రికలు ఇష్టంగా రాశాయి. పరిశీలకుడు నృత్యం దగ్గర ఆగిపోకుండా, తరువాత కెనడా ప్రధాని అయిన మెకెంజీ కింగ్ రూపొందించిన కార్మిక ప్రతినిధుల పథకం దాకా వెళ్ళాలి. ఆ పథకంతో కార్మికుల ఫిర్యాదులు వినే ఏర్పాటు నిజంగానే వచ్చింది, కానీ వారు కోరిన స్వతంత్ర సంఘానికి మాత్రం గుర్తింపు రాలేదు. మార్పు ఉంది, అది ఎంతవరకు ఉందో కూడా కనిపిస్తుంది. వ్యాసంలో ఈ రెండూ రావాలి. ఇదే ప్రశ్నను 1927లో ఏటీ అండ్ టీ అనే టెలిఫోన్ సంస్థకు ఉపాధ్యక్షుడుగా వెళ్ళిన ఆర్థర్ పేజ్ విషయంలో కూడా వేయవచ్చు. కేవలం ప్రచారం చేసిపెట్టడానికి కాక, సంస్థ విధానాల్లో తనకు మాట ఉంటేనే వస్తానని షరతు పెట్టి వెళ్ళినవాడు ఆయన.

మధ్యలో వచ్చే మొదటి ప్రపంచ యుద్ధాన్ని వృత్తికి శిక్షణ శిబిరంగా చూస్తే చాలు. 1917 ఏప్రిల్‌లో జార్జ్ క్రీల్ నాయకత్వంలో ఏర్పడిన ప్రజా సమాచార కమిటీ సుమారు 75,000 మంది స్వచ్ఛంద వక్తలను తయారు చేసింది. సినిమా హాళ్ళలో రీలు మార్చే నాలుగు నిమిషాల వ్యవధిలో వారు యుద్ధానికి అనుకూలంగా ప్రసంగించేవారు. ఆ కమిటీలో పనిచేసి బయటికి వచ్చినవారిలో ఎడ్వర్డ్ బెర్నేస్ ఒకడు.

బెర్నేస్ దగ్గరకు వచ్చేసరికి ఐదవ ప్రశ్న తప్పదు: ఈ కథ మనకు ఎవరు చెప్పారు? మనోవిశ్లేషణ పితామహుడు సిగ్మండ్ ఫ్రాయిడ్‌కు మేనల్లుడైన బెర్నేస్ 1919లో న్యూయార్క్‌లో కార్యాలయం తెరిచాడు, 1923లో ఈ వృత్తిపై తొలి పుస్తకాల్లో ఒకటి వెలువరించి న్యూయార్క్ విశ్వవిద్యాలయంలో పాఠం చెప్పాడు, 1995లో 103వ ఏట చనిపోయేవరకు తన విజయాల గురించి మాట్లాడుతూనే ఉన్నాడు. అతని సమకాలికులు అప్పటికి ఎప్పుడో కన్నుమూశారు కాబట్టి అతని మాటను కాదనేవారు తక్కువ. 1929 మార్చి 31న ఈస్టర్ ఊరేగింపులో, న్యూయార్క్ ఫిఫ్త్ ఎవెన్యూలో కొందరు యువతులు సిగరెట్లు వెలిగించి వాటిని స్వేచ్ఛా కాగడాలుగా ప్రకటించిన సంఘటన అందుకు మంచి నమూనా. యువతుల తరఫున విలేకరులతో మాట్లాడిన బెర్తా హంట్ బెర్నేస్ కార్యదర్శి అనీ, డబ్బు అమెరికన్ టొబాకో కంపెనీదనీ మరునాడు పత్రిక చదివిన పాఠకుడికి తెలియదు. ఆ ఒక్క ఉదయంతో అమెరికా స్త్రీలు సిగరెట్ పట్టారని కథ చెబుతుంది. స్త్రీలలో ధూమపానం అంతకుముందు నుంచే పెరుగుతూ ఉందన్న సంగతి ఆ కథలో ఇమడదు. అన్నట్టు, బెర్నేస్ కార్యాలయంలో మొదటి నుంచీ పనిచేసి, తరువాత దాన్ని నడపడంలో సమాన భాగం పంచుకున్న డోరిస్ ఫ్లైష్‌మన్ పేరు చాలా పాఠ్యపుస్తకాల్లో భార్య అన్న ఒక్క మాటతో ముగుస్తుంది. ఆమె భాగం ఎంతో వెతకడం కూడా ఈ ఐదవ అడుగులో భాగమే.

ఇదే పద్ధతిని మన దేశపు తొలి అధ్యాయాలకు కూడా అన్వయించవచ్చు. 1943లో బొంబాయిలో టాటా సంస్థ ఏర్పాటు చేసుకున్న పౌరసంబంధాల విభాగం, 1958లో ఏర్పడిన పబ్లిక్ రిలేషన్స్ సొసైటీ ఆఫ్ ఇండియా, 1968 ఏప్రిల్ 21న ఢిల్లీలో మొదలైన మొదటి అఖిల భారత సమావేశం ఇందుకు తగిన అంశాలు. రెండు తెలుగు రాష్ట్రాల విద్యార్థులకు సమాచార పౌరసంబంధాల శాఖ పాత ప్రకటనలు, ఆనాటి దినపత్రికల సంపుటాలు దగ్గరలోనే ఉంటాయి. ఏదో ఒక ప్రాజెక్టునో, తుపాను సహాయాన్నో ఎంచుకుని, ఒక ప్రకటనను అది వెలువడిన మరునాటి మూడు పత్రికలతో పోల్చి, ఏ వాక్యం యథాతథంగా అచ్చయింది, ఏది కత్తిరించబడింది, ఏ అంకెను విలేకరి సొంతంగా సరిచూశాడు అన్నది పట్టికగా రాయాలి. పట్టికలో ఫిర్యాదు, డబ్బు, అంకె, మార్పు, కథకుడు అనే ఐదు గడులు ఉంచి, ఆధారం దొరకని గడిని ఖాళీగానే వదిలిపెట్టాలి.