సీఈ మార్కు దగ్గర ఆగిపోయిన ప్రెజర్ వెసెల్: తప్పు ఎక్కడ, సరిచేయడం ఎలా

జీడిమెట్లలోనో పాశమైలారంలోనో చేసిన ప్రెజర్ వెసెల్ (గ్యాస్‌నో ద్రవాన్నో పీడనంతో ఉంచే పాత్ర) యూరప్‌కి వెళ్లాలంటే 2014/68/ఈయూ డైరెక్టివ్ ప్రకారం పాసవ్వాలి. సీఈ మార్కు అంటే అది యూరప్ నిబంధనలకు తగ్గట్టుందని చెప్పే గుర్తు. మనం రోజూ పీఈడీ (ప్రెజర్ ఎక్విప్‌మెంట్ డైరెక్టివ్) అనేది దీన్నే. గరిష్ఠ ప్రెజర్ 0.5 బార్ గేజ్ (వాతావరణ పీడనానికి పైన) దాటితే ఇది వర్తిస్తుంది. ఆస్మీ (అమెరికా ప్రెజర్ వెసెల్ కోడ్) యూ స్టాంప్ ఉందన్న ధీమా ఇక్కడ పనికిరాదు. క్వాలిటీ విభాగంలో ఉండి నేను చూసినంతలో గొడవ బయటపడేది పెయింటింగ్ అయ్యాకే అయినా, తప్పు మాత్రం ప్లేటు కొనకముందే జరిగిపోయి ఉంటుంది.

సమస్య: కేటగిరీ 1 అనుకున్నాం, కస్టమర్ తరఫు ఇన్‌స్పెక్టర్ కేటగిరీ 3 అంటున్నాడు

పీఈడీ ప్రమాద స్థాయిని బట్టి వెసెల్స్‌ని 1 నుంచి 4 కేటగిరీలుగా విడగొడుతుంది, నంబర్ పెరిగేకొద్దీ తనిఖీ పెరుగుతుంది. గొడవకి కారణం చాలాసార్లు ఫ్లూయిడ్ (లోపల ఉండే ద్రవం లేదా గ్యాస్) దగ్గరే ఉంటుంది. 80 లీటర్ల మెథనాల్ రిసీవర్ తీసుకోండి. ప్రెజర్ 10 బార్, గరిష్ఠ ఉష్ణోగ్రత 100 డిగ్రీలు. మెథనాల్ ద్రవమే కదా అని ద్రవాల టేబుల్ తీస్తే కేటగిరీ 1 వస్తుంది. అంటే నోటిఫైడ్ బాడీ (యూరప్ ప్రభుత్వాలు గుర్తించిన తనిఖీ సంస్థ)తో పనిలేదు, మన డిక్లరేషన్ చాలు. కానీ పీఈడీ చూసేది వెసెల్‌లో పోసేటప్పుడు అది ఎలా ఉందని కాదు. గరిష్ఠ ఉష్ణోగ్రత దగ్గర ఆవిరి పీడనం వాతావరణ పీడనం కంటే 0.5 బార్ ఎక్కువైతే ఆ ద్రవాన్ని గ్యాస్‌గానే లెక్కిస్తుంది. 100 డిగ్రీల దగ్గర మెథనాల్ ఆవిరి పీడనం అబ్సల్యూట్‌లో (వాతావరణ పీడనాన్నీ కలిపి) దాదాపు 3.5 బార్. పైగా అది మండే ద్రవం, అంటే ప్రమాదకరమైన వాటి గ్రూప్ 1. గ్రూప్ 1 గ్యాస్ టేబుల్‌లో 80ని 10తో గుణిస్తే 800. 200 దాటి 1000 లోపు ఉంది కాబట్టి కేటగిరీ 3.

దీన్ని కాగితాల గొడవగా కొట్టిపారేయలేం. గాస్కెట్ లీకైతే బయటికొచ్చేది మండే ఆవిరి. దాని పక్కన నైట్ షిఫ్ట్‌లో ఒక ఆపరేటర్ నిలబడి ఉంటాడు.

పరిష్కారం: కొటేషన్ ఇవ్వకముందే ఫ్లూయిడ్ పేరు, గరిష్ఠ ప్రెజర్, ఉష్ణోగ్రతల పరిధి, వాల్యూమ్ కస్టమర్ దగ్గర రాతపూర్వకంగా తీసుకోండి. జాకెట్ ఉంటే దాన్నీ విడిగా లెక్కేయండి. రెండింటిలో ఏ కేటగిరీ పెద్దదైతే మొత్తం వెసెల్‌కి అదే. ఒకటీ అరా వెసెల్‌కి అయితే మాడ్యూల్ జీ (ప్రతి వెసెల్‌నీ నోటిఫైడ్ బాడీ విడిగా తనిఖీ చేసే పద్ధతి) ఎంచుకుని, ఫ్యాబ్రికేషన్ మొదలవకముందే నోటిఫైడ్ బాడీని పిలవడం మేలు. అంతా అయ్యాక పిలిస్తే, మూసేసిన జాయింట్ల లోపల ఏముందో వాళ్లకి చూపించలేం.

సమస్య: మెటీరియల్ సర్టిఫికెట్ 3.1 ఉంది, అయినా ఒప్పుకోవట్లేదు

అందరికీ ఎక్కువ టెన్షన్ పెట్టేది ఇదే. 3.1 అంటే మిల్లు తానే ఇచ్చే టెస్ట్ సర్టిఫికెట్, 3.2 అంటే దాని మీద బయటి ఇన్‌స్పెక్టర్ కూడా సంతకం పెట్టేది. కేటగిరీ 2 నుంచి పైకి, ప్రెజర్ మోసే ముఖ్య భాగాలకి 3.1 చెల్లాలంటే మిల్లుకి యూరోపియన్ యూనియన్‌లో ఉన్న సంస్థ ఇచ్చిన క్వాలిటీ సర్టిఫికెట్ ఉండాలి, అది మెటీరియల్‌కి సంబంధించిన ప్రత్యేక పరిశీలన తర్వాత ఇచ్చినదై ఉండాలి. వట్టి ఐఎస్ఓ 9001 కాగితం సరిపోదు. అది లేని మిల్లు ప్లేటుకి 3.2 కావాలి.

రెండో కారణం గ్రేడ్. పీ265జీహెచ్, 1.4404 లాంటి ఉక్కు గ్రేడ్లు యూరప్ ప్రమాణం ఈఎన్ 10028లో ఉన్నాయి కాబట్టి ఇబ్బంది లేదు. ఆస్మీ ఉక్కు ఎస్ఏ 516 గ్రేడ్ 70 వాడితే పర్టిక్యులర్ మెటీరియల్ అప్రైజల్ (ఆ మెటీరియల్ ఈ వెసెల్‌కి సరిపోతుందా అన్న విడి పరిశీలన) చేయాలి, కేటగిరీ 3, 4లలో అది నోటిఫైడ్ బాడీ చేతిలో ఉంటుంది. అక్కడే ఇంపాక్ట్ టెస్ట్ (దెబ్బ తగిలితే ఉక్కు ఎంత తట్టుకుంటుందో చూసే పరీక్ష) అడుగుతారు. ఆస్మీ మందం, ఉష్ణోగ్రత చూసి మినహాయింపు ఇచ్చేస్తుంది. పీఈడీ మాత్రం కనిష్ఠ ఆపరేటింగ్ ఉష్ణోగ్రత దగ్గర, అది ఎంత ఎక్కువైనా 20 డిగ్రీలకి మించకుండా, 27 జౌల్స్ చూపించమంటుంది.

పరిష్కారం: పర్చేజ్ ఆర్డర్‌లోనే పీఈడీ అనెక్స్ 1 లోని 4.3 క్లాజు, ఇంపాక్ట్ విలువ, టెస్ట్ ఉష్ణోగ్రత రాయండి. ప్లేటు వచ్చేసి ఉంటే నోటిఫైడ్ బాడీతో మాట్లాడి, వాళ్లు ఒప్పుకుంటే, ఇన్‌స్పెక్టర్ ఎదుట శాంపిల్ కోసి మళ్లీ టెస్ట్ చేయించాలి. ఒక ఆర్డర్‌లో మేం ఆ అవకాశాన్నీ పోగొట్టుకున్నాం. షెల్ అంచు సాపు చేస్తూ గ్రైండర్‌తో హీట్ నంబర్ (మిల్లు ఆ ఉక్కు బ్యాచ్‌కి ఇచ్చే నంబర్) పంచ్‌ని చెరిపేశారు. చేతిలో సర్టిఫికెట్ ఉంది, కానీ అది ఈ ప్లేటుదే అని చెప్పే నాలుగు అంకెలు లేవు, అక్కడ మెరుస్తున్న గ్రైండింగ్ గీతలే ఉన్నాయి. చివరికి ఆ షెల్ స్క్రాప్‌కి పోయింది. అప్పటి నుంచి కటింగ్‌కి ముందే ప్రతి ముక్క మీదికీ నంబర్ ఎక్కించి, ఫోటో తీసి పెట్టుకుంటున్నాం.

సమస్య: వెల్డర్ల క్వాలిఫికేషన్, ఎన్డీటీ రిపోర్టులు తిరస్కరించారు

మన వెల్డింగ్ ఇంజనీరే సంతకం పెట్టిన ఆస్మీ సెక్షన్ 9 (వెల్డింగ్ క్వాలిఫికేషన్ భాగం) రికార్డులు కేటగిరీ 2 నుంచి చెల్లవు. ప్రొసీజర్‌నీ వెల్డర్‌నీ కూడా నోటిఫైడ్ బాడీ గానీ గుర్తింపు పొందిన థర్డ్ పార్టీ గానీ అప్రూవ్ చేయాలి. కేటగిరీ 3, 4 అయితే ఎన్డీటీ (వెల్డ్‌ని పాడుచేయకుండా లోపాలు వెతికే పరీక్ష) చేసే మనిషికి కూడా గుర్తింపు పొందిన థర్డ్ పార్టీ అప్రూవల్ ఉండాలి. అమెరికా ఎన్డీటీ సంఘం మార్గదర్శకం ఎస్ఎన్‌టీ-టీసీ-1ఏ ప్రకారం కంపెనీ తానే ఇచ్చుకునే లెవల్ 2 చాలదు. టెస్ట్ కూపన్లు (నమూనా ముక్కలు) వెల్డ్ చేసే రోజునే ఇన్‌స్పెక్టర్‌ని పిలిపించండి, ఆ ఒక్క విజిట్‌తో రెండు మూడు ప్రొసీజర్లు తేలిపోతాయి.

సమస్య: హైడ్రో టెస్ట్ మళ్లీ చేయమన్నారు

నీళ్లు నింపి ప్రెజర్ పెట్టే ఈ పరీక్షలో 10 బార్ వెసెల్‌కి ఆస్మీ లెక్కలో 1.3 రెట్లు, అంటే సాధారణంగా 13 బార్. పీఈడీలో కనీసం 1.43 రెట్లు, 14.3 బార్. ఉష్ణోగ్రత ప్రభావాన్ని కలిపిన 1.25 రెట్ల లెక్క ఇంకా ఎక్కువ వస్తే అదే పెట్టాలి. ముందు ఆ ప్రెజర్‌కి డిజైన్ లెక్కలు సరిచూసుకుని, తర్వాతే పంపు ఆన్ చేయండి. ఇన్సులేషన్ వేసేశాక ఈ సంగతి తెలిస్తే అదంతా విప్పాల్సిందే.

సమస్య: వెసెల్ పోర్ట్‌కి చేరింది, కాగితాలు సరిపోలేదు

నేమ్‌ప్లేట్ మీద సీఈ పక్కన నాలుగంకెల నంబర్ ఉండేది, తయారీ నియంత్రణలో నోటిఫైడ్ బాడీ ఉన్నప్పుడే. కేటగిరీ 1లో మాడ్యూల్ ఏ (మన తనిఖీ మనమే చేసుకునే పద్ధతి) తీసుకుంటే నంబర్ వేయకూడదు. పీఈడీలో సౌండ్ ఇంజనీరింగ్ ప్రాక్టీస్ (మంచి ఇంజనీరింగ్ పద్ధతిలో చేస్తే చాలు, కేటగిరీ లేదు) కిందికి వచ్చే చిన్న వెసెల్స్‌కి అసలు సీఈ మార్కే వేయకూడదు. సీఈ అక్షరాల ఎత్తు కనీసం 5 మిల్లీమీటర్లు ఉండాలి. యూజర్ మాన్యువల్ ఆ దేశం నిర్ణయించిన భాషలో ఉండాలి, జర్మనీకి అయితే జర్మన్‌లో. ఆ అనువాదానికి ఆర్డర్ వచ్చిన రోజునే మనిషిని పెట్టండి. టెక్నికల్ ఫైల్, డిక్లరేషన్ పదేళ్లు దాచాలి. మా దగ్గర డ్రాయింగ్, సర్టిఫికెట్లు, రేడియోగ్రఫీ ఫిల్ములు వెసెల్ సీరియల్ నంబర్‌తో ఒకే బీరువాలో ఉంటాయి.