పాయాకు సిమ్ సరిపోకపోతే పెనం పెట్టండి

పాతబస్తీ హోటళ్లలో పొద్దున్నే దొరికే పాయా (మేక కాళ్ల షోర్బా, అంటే పులుసు) రుచి ఇంట్లో రావాలంటే మసాలా కంటే మంట ముఖ్యం. చాలా స్టవ్‌ల మీద సిమ్‌లో పెట్టినా గిన్నె కుతకుతా ఉడుకుతూనే ఉంటుంది. అప్పుడు చిన్న బర్నర్‌కి మార్చి, గిన్నె కింద పాత ఇనుప పెనం పెట్టండి (నాన్‌స్టిక్‌ది వద్దు, పూత పాడవుతుంది). సెగ అంతటా సమంగా పరుచుకుంటుంది.

హైదరాబాద్ సముద్రమట్టానికి 500 మీటర్ల పైనే ఉంది కాబట్టి ఇక్కడ నీళ్లు సుమారు 98 డిగ్రీలకే మరుగుతాయి. మనకు కావాల్సింది అంతకంటే కాస్త తక్కువ. గిన్నె అంచున బుడగలు ఒక్కొక్కటిగా లేచి పగలాలి, మధ్యలో షోర్బా ఊరికే కదలాలి. అలా నాలుగైదు గంటలుంటే కాళ్లలోని జిగురంతా మెల్లగా కరిగి పులుసులోకి దిగుతుంది. తెగ మరిగిస్తే కొవ్వు షోర్బాలో కలిసిపోయి మడ్డిగా తయారవుతుంది. మూత కొంచెం వారగా పెట్టండి. నీళ్లు తగ్గితే వేడివే పోయాలి.

ఈలోగా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఎవరి మీదైనా ఒళ్లు మండితే, జవాబు అక్కడ కాకుండా ఫోన్ నోట్స్‌లో టైప్ చేసి, దాన్నీ పాయాలాగే సన్నమంట మీద ఉంచండి. పాయా దించేటప్పటికి సగం వాక్యాలు మీరే కొట్టేస్తారు. మెయింటెనెన్స్ లెక్కలు అడిగే ప్రశ్న మాత్రం తీసేయకండి, అది అడగాల్సిందే.