టీవీలో ప్రళయం సినిమా: గడియారం పెట్టి లెక్క చూసే పద్ధతి

ఆదివారం మధ్యాహ్నం డబ్బింగ్ సినిమాలో శాస్త్రవేత్త "మనకింక నలభై నిమిషాలే ఉంది" అంటాడు. ఆ మాట నిజమో కాదో తేల్చడానికి ఫోనులో క్యాలిక్యులేటర్, ఒక అట్లాసు, తెల్లకాగితం చాలు. గ్రాఫిక్స్ ఎంత నాసిగా ఉన్నాయో చూసి నవ్వుకోవడం సులువే గానీ దానివల్ల తేలేదేమీ లేదు. ఈ సినిమాలు బొమ్మ దగ్గర కన్నా గడియారం దగ్గరే ఎక్కువగా దొరికిపోతాయి.

ముందు అంకెలు ఏరుకోండి

పాత్రలు నోటితో చెప్పిన దూరం, సమయం, పరిమాణం మాత్రమే రాసుకోండి. తెర మీద గడిచిన నిమిషాలు లెక్కలోకి రావు, అది ఎడిటింగ్. తప్పు పట్టేముందు డబ్బింగ్‌ను కూడా అనుమానించాలి. "బయట 120 డిగ్రీలు" అని వినపడితే అది ఫారెన్‌హీట్ అయి ఉండొచ్చు. 32 తీసేసి 5తో గుణించి 9తో భాగిస్తే 49 సెల్సియస్ వస్తుంది. మైలంటే 1.6 కిలోమీటర్లు. బిలియన్ అంటే వంద కోట్లు, దాన్ని తెలుగులో కోటి చేసేసిన సందర్భాలకు కథారచయిత బాధ్యుడు కాడు.

భూకంపం

మాగ్నిట్యూడ్, అంటే భూకంపం పరిమాణం చెప్పే అంకె, ఒకటి పెరిగితే శక్తి సుమారు 32 రెట్లు, రెండు పెరిగితే వెయ్యి రెట్లు. 1967 మార్చి 27న ఒంగోలును కుదిపిన భూకంపం 5.4, 2004 సుమత్రా భూకంపం 9.1. తేడా 3.7. దాన్ని 1.5తో గుణించి, పదిని ఆ ఘాతానికి ఎత్తండి. దాదాపు మూడున్నర లక్షల రెట్లు వస్తుంది. ఈ లెక్క చేతిలో ఉంటే "10.5 వచ్చింది" అన్న డైలాగు ఎంత భారమైనదో తెలుస్తుంది. ఇప్పటిదాకా కొలిచినవాటిలో పెద్దది 1960 చిలీ భూకంపం, 9.5. దాన్ని మించి ఒకటి పెరగాలంటే నేలలో అంత పొడవైన పగులు ఉండాలి. భూమ్మీద అలాంటిది లేదు.

నేల నోరు తెరిచి రైలును మింగే సీను గురించి ఒక్క మాట. పగులుకు రెండువైపులా ఉన్న రాళ్లు ఒరుసుకుంటూ జారితేనే భూకంపం. మధ్యలో అంత సందు ఏర్పడితే ఒరుసుకోవడానికి ఏముంది? నేల కుంగి, జారి చీలికలు పడటం మాత్రం నిజమే.

ఆకాశం నుంచి పడేవి

గ్రహశకలం సెకనుకు 20 కి.మీ. వేగంతో వస్తోందనుకుందాం. రెండు రోజుల ముందు అది 34.5 లక్షల కి.మీ. దూరంలో ఉంటుంది, అంటే చంద్రుడి దూరానికి తొమ్మిది రెట్లు. రెండు గంటల ముందైతే 1.44 లక్షల కి.మీ., చంద్రుడికన్నా ఇవతలే. సినిమాలో అప్పుడే రాకెట్టు లేస్తుంది! పక్కనున్న శ్రీహరికోట నుంచి 2023 జూలై 14న బయల్దేరిన చంద్రయాన్-3 చంద్రుడి కక్ష్యలోకి చేరింది ఆగస్టు 5న.

దారి మళ్లించడం అసాధ్యమేమీ కాదు, కావలసింది వ్యవధి. పదేళ్ల ముందు దాని వేగాన్ని సెకనుకు 2 సెంటీమీటర్లు మార్చినా, ఉజ్జాయింపుగా 6,300 కి.మీ. పక్కకు పోతుంది. ఇది దాదాపు భూమి వ్యాసార్ధం. 18 రోజుల ముందైతే అదే ఫలితానికి సెకనుకు 4 మీటర్లు కావాలి, 200 రెట్లు. 2022 సెప్టెంబరు 26న నాసా పంపిన డార్ట్ నౌక డైమార్ఫస్ అనే చిన్న గ్రహశకలాన్ని గుద్దింది బాంబుతో కాదు, వట్టి వేగంతో. ఆ చిన్న శకలం తన పక్కనున్న పెద్ద శకలం చుట్టూ తిరిగే కాలం అరగంటకు పైగా తగ్గింది.

పైనుంచి దిగే చలిగాలి

పది కిలోమీటర్ల ఎత్తునుంచి చల్లగాలి ఒక్కసారిగా దిగి జనాన్ని నిలువునా గడ్డకట్టించే సీను లెక్క తప్పడమే కాదు, తలకిందులైంది. దిగే గాలి నొక్కుకుపోయి కిలోమీటరుకు సుమారు 9.8 డిగ్రీల చొప్పున వేడెక్కుతుంది. పైన మైనస్ 50 ఉంటే కిందికి వచ్చేసరికి 48. రోహిణి కార్తెలో నెల్లూరు నడిబజారు అన్నమాట.

సునామీ

ఇక్కడ ఓపికగా కూర్చోవాలి, ఎందుకంటే మన తీరంలో ఈ తప్పులు ప్రాణం మీదికి తెస్తాయి. సముద్రం లోతును మీటర్లలో తీసుకుని 9.8తో గుణించండి, వర్గమూలం తీయండి, 3.6తో గుణించండి. అల వేగం గంటకు ఎన్ని కిలోమీటర్లో వస్తుంది. 3,000 మీటర్ల లోతులో 617. తీరానికి దగ్గర, 10 మీటర్ల లోతులో 36.

2004 డిసెంబరు 26తో సరిచూడండి. మన గడియారంలో భూకంపం ఉదయం 6.29కి. సుమత్రా నుంచి చెన్నైకి కొలిస్తే మూడు గంటలకు పైగా వచ్చి లెక్క తప్పినట్టు కనిపిస్తుంది. కానీ పగులు దాదాపు 1,300 కి.మీ. మేర అండమాన్ వైపు సాగింది. అందుకే నికోబార్ నుంచి కొలవాలి: సుమారు 1,500 కి.మీ., రెండున్నర గంటలు. చెన్నై తీరానికి అల వచ్చింది తొమ్మిది ప్రాంతంలోనే. సినిమాలో అదే దూరానికి ఇరవై నిమిషాలంటే కొట్టేయండి. పగులు తీరం పక్కనే ఉంటే మాత్రం ఇరవై నిమిషాలు సబబే.

ఎత్తుకు ఇంకో లెక్క. లోతుల నిష్పత్తి 3,000 బై 10, అంటే 300. వర్గమూలం బటన్ రెండుసార్లు నొక్కితే 4.2, తీరం దగ్గర అల అన్ని రెట్లు లేస్తుంది. ఆ రోజు బంగాళాఖాతం మీద ఉపగ్రహం కొలిచిన అల ఎత్తు సుమారు 60 సెంటీమీటర్లు. గుణిస్తే రెండున్నర మీటర్లు. నడిసముద్రంలో ఓడను తిప్పేసే నీటిగోడ ఎక్కడా లేదు. లోతునీళ్లలో వేటకెళ్లిన పడవలకు అల పోయిన సంగతే తెలియదు. అలాగని ఎత్తైన అలలన్నీ కల్పన అనుకోకండి. 1958లో అలాస్కాలోని లిటుయా బేలో కొండచరియ విరిగిపడి, నీళ్లు ఎదుటి వాలు మీద 524 మీటర్ల దాకా ఎగబాకాయి. అది ఇరుకు లోయ కాబట్టి అలా జరిగింది.

కాగితం మీద ఎర్రగీత పెట్టాల్సినవి రెండు. సముద్రం వెనక్కి పోయాకే సునామీ వస్తుందని చూపించడం మొదటిది. అల పల్లం ముందు చేరితేనే నీళ్లు వెనక్కి పోతాయి, శిఖరం ముందు చేరితే నేరుగా లేస్తాయి. రెండోది ఒక్క అలతో కథ ముగించడం. పది నిమిషాలనుంచి గంట వ్యవధిలో మళ్లీ మళ్లీ వస్తాయి, మొదటిదే పెద్దది కానక్కర్లేదు. సునామీ హెచ్చరికలిచ్చే కేంద్రం, హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్, హెచ్చరిక ఎత్తేసే వరకూ మైపాడులోనైనా కొత్తపట్నంలోనైనా ఒడ్డుకు తిరిగి వెళ్లకూడదు.

తుఫాను

మన అర్ధగోళంలో తుఫాను గాలి గడియారం ముల్లుకు ఎదురు తిరుగుతుంది. 1989 నవంబరులో పెనుతుఫాను తీరం దాటిన కావలినే గుర్తుపెట్టుకోండి. పడమరగా వచ్చే తుఫాను అక్కడ దాటితే, ఉత్తరాన సింగరాయకొండ వైపు గాలి సముద్రం నుంచి నేలమీదికి వీచి ఉప్పెనను తోస్తుంది; దక్షిణాన మైపాడు వైపు నేలనుంచి సముద్రంలోకి వీస్తుంది. రెండువైపులా ఒకే ఎత్తు నీళ్లు చూపిస్తే తప్పు. నేలమీదికొచ్చాక తుఫాను బలపడటమూ తప్పే, వెచ్చటి సముద్రమే దాని మేత.

తుఫాను కన్ను, అంటే నడిమధ్యలో గాలి నెమ్మదించే చోటు, పైకి రాగానే హీరో బయటికొచ్చి తీరిగ్గా జీపు బాగుచేసుకుంటాడు. కన్ను వ్యాసం 20 కి.మీ., తుఫాను నడక గంటకు 15 కి.మీ. అనుకోండి. సరిగ్గా మధ్యలో ఉన్న ఊరికి దొరికేది గంటా ఇరవై నిమిషాలు, అంచున ఉన్న ఊరికి పది పదిహేను నిమిషాలే కావచ్చు. ఆ తర్వాత గాలి ఎదురు దిక్కునుంచి కొడుతుంది: అంతదాకా ఉత్తరపు గాలైతే ఇక దక్షిణపు గాలి. మొదటి విడతకు ఒకవైపు ఒరిగిన చెట్లూ రేకులూ రెండో విడతకు రెండోవైపు పడతాయి.