ఇసే జింగూ దర్శనానికి వెళ్లేముందు పాటించవలసిన జాగ్రత్తలు

జపాన్‌లోని మియె ప్రాంతంలో ఉన్న ఇసే జింగూ, జపాన్ దేశీయ మతమైన షింటో సంప్రదాయంలో అత్యంత పవిత్రమైన క్షేత్రం. అక్కడికి వెళ్లే తెలుగువారు తడబడేది భాష రాక కాదు, మన గుడి అలవాట్ల వల్లనే అని నా అభిప్రాయం. మొక్కే చోట చెప్పులు విడవనక్కరలేదు. పైగా కంకర దారిలో చాలాసేపు నడవాలి కనుక గట్టి బూట్లే మేలు. కొబ్బరికాయ, కర్పూరం వంటివి తీసుకువెళ్లకూడదు, ప్రదక్షిణకూ వీలుండదు. ఇక్కడి రెండు ప్రధాన ఆలయాల్లో ఒకటైన, సూర్యదేవత అమతెరాసు కొలువైన నైకూలో (లోపలి ఆలయంలో) ఆమెకు ప్రతీకగా భావించే అద్దం ఎవరికీ కనబడదు. తెల్లని తెర ఎదుట నిలబడి మొక్కి రావడమే దర్శనం. మెట్ల కిందికి చేరగానే కెమెరా, ఫోను లోపల పెట్టేయాలి, ఎందుకంటే ఆపైన ఫొటోలు నిషిద్ధం.

ఆచారం ప్రకారం ముందు గెకూ (బయటి ఆలయం), తరువాతే నైకూ. గెకూలో దారికి ఎడమవైపునా, నైకూలో కుడివైపునా నడవాలి. తోరీ ద్వారం దగ్గర కొద్దిగా తలవంచాలి. నీళ్ల తొట్టి వద్ద ఎడమచేయి, కుడిచేయి కడుక్కుని, ఎడమ అరచేతిలో నీళ్లు పోసుకుని పుక్కిలించాలి. గరిటెకు పెదవి తగలనివ్వరాదు. దేవత ఎదుట రెండుసార్లు వంగి, రెండు చప్పట్లు కొట్టి, మళ్లీ ఒకసారి వంగాలి.

ఇంట్లో మరణం సంభవించినవారు సంప్రదాయంగా యాభై రోజులు ఆలయానికి దూరంగా ఉంటారు. మైల పట్టే ఇళ్లలో పెరిగిన మనకు ఇది వివరించనక్కరలేదు.

మందిరాన్ని ఇరవై ఏళ్లకోసారి పక్కనే ఉన్న స్థలంలో కొత్తగా కడతారు. మొదటిసారి 690లో, ఇటీవల 2013లో జరిగిన ఈ ఆచారం మళ్లీ 2033లో జరగాలి. వెయ్యేళ్ల రాతిగుడిని పురాతనమనే మన కంటికి కొత్త కొయ్య వింతగా తోచవచ్చు. ఖాళీగా కనిపించే ఆ పక్క స్థలం తరువాతి మందిరానికి ఉంచినది, అందులోకి అడుగుపెట్టకూడదు.

కాలం విషయంలో మరింత జాగ్రత్త అవసరం. కొత్త సంవత్సరం రోజుల్లో విపరీతమైన రద్దీ ఉంటుంది. జులై, ఆగస్టులలో ఉక్కపోత. సెప్టెంబరు, అక్టోబరులలో తుఫానుల వల్ల రైళ్లు ఆగిపోవచ్చు కనుక తిరుగు ప్రయాణానికి ఒకరోజు వెసులుబాటు ఉంచుకోవాలి. వానల తరువాత నైకూ దగ్గర పారే ఇసూజు నదిలో చేతులు కడిగే మెట్లు జారతాయి, వృద్ధులను అక్కడికి దింపవద్దు. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు సాయంత్రం 5 గంటలకే ప్రవేశం ముగుస్తుంది కాబట్టి, రెండు ఆలయాలూ చూడాలనుకునేవారు ఉదయమే గెకూ చేరుకోవాలి.