చుక్క పెట్టాలి, పూయకూడదు

మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో లిఫ్ట్ పక్క పిల్లర్‌కి నడుమెత్తున వెండి రంగు చార ఒకటి ఉంటుంది. అది మా వ్యాగనార్‌ది. రివర్స్ తీస్తూ ఎడమ వెనక డోరుని నేనే దానికి రాసేశాను. డోరు మీద జానెడు గీత పడింది, మధ్యలో రెండు చోట్ల రేకు బయటపడింది. విజయవాడ ఆటోనగర్‌లో చూపిస్తే, "ప్యానెల్ మొత్తానికి రంగు కొట్టాలి మేడమ్, ముక్కకే కొడితే షేడ్ తేడా తెలిసిపోతుంది" అన్నారు. అది నిజమే. ఇన్సూరెన్స్‌లో పెడదామంటే నో క్లెయిమ్ బోనస్ పోతుంది. ఐదేళ్లు క్లెయిమ్ లేకుండా నెట్టుకొస్తే సొంత డ్యామేజీ ప్రీమియంలో 50 శాతం తగ్గింపు వస్తుంది కదా, జానెడు గీత కోసం దాన్ని వదులుకోబుద్ధి కాలేదు. గీతలకి పెట్టుకునే చిన్న రంగు సీసా, అదే టచప్ సీసా, కొని నేనే దిగాను.

ముందు గీత లోతు చూసుకోండి. గోరు అడ్డంగా పోనిచ్చి చూడండి. గోరు తగలకుండా జారిపోతే రంగు పైనున్న పారదర్శక పొర, క్లియర్ కోటే గీరుకుంది, దానికి రంగు అక్కర్లేదు, రుద్ది మెరుగుపెట్టే పేస్టు, రబ్బింగ్ కాంపౌండ్ చాలు. గోరు ఇరుక్కుంటేనే సీసా మూత తియ్యండి.

రంగు కళ్లతో చూసి కొనొద్దు. సిల్వర్ అంటే ఒక్క సిల్వర్ కాదు, మా బండిది సిల్కీ సిల్వర్, కోడ్ జెడ్2ఎస్. ఈ కోడ్ బానెట్ కింద ప్లేటు మీదో, డోరు తీస్తే పిల్లర్ మీదున్న స్టిక్కర్ మీదో ఉంటుంది. కనిపించకపోతే ఛాసిస్ నంబరు చెప్పండి, కంపెనీ స్పేర్ పార్ట్స్ కౌంటర్‌లో చూసి చెబుతారు.

మొదటిసారి నేను చేసింది చెబుతాను, మీరు చేయకండి. మే నెల, మధ్యాహ్నం రెండు గంటలు, బండి ఎండలో ఉంది. మూతకున్న బ్రష్‌తో గీత పొడుగునా ఒక్క లాగు లాగాను. రేకు కాలుతోంది కాబట్టి రంగు పరుచుకునేలోపే పైన తోలు కట్టేసింది. సాయంత్రానికి డోరు మీద జెర్రి పాకినట్టుంది, పైగా చుట్టూ ఉన్న సిల్వర్ కన్నా నల్లగా. ముప్పై ఏళ్లు టింకరింగ్ పని చేసిన మా బాబాయికి ఫొటో పంపాను. ఫోన్ చేసి ఒకటే మాటన్నాడు: "నువ్వు పూశావమ్మా. చుక్క పెట్టాలి."

ఆ జెర్రిని తీసెయ్యడం కష్టం కాలేదు. పాత బనియన్ గుడ్డ వేలికి బిగించి చుట్టి, కొంచెం థిన్నర్‌తో తడిపి రెండుసార్లు తుడిస్తే పోయింది. ఫ్యాక్టరీ రంగు సుమారు 140 డిగ్రీల ఓవెన్‌లో కాలి వచ్చింది కాబట్టి రెండు తుడుపులకు ఏమీ కాదు. ఆ ప్యానెల్‌కి ఇంతకుముందు షెడ్డులో రంగు కొట్టించి ఉంటే మాత్రం థిన్నర్ జోలికి పోకండి, ఆ రంగూ లేచి వచ్చేస్తుంది.

రెండోసారి ఉదయం ఏడింటికి, నీడలో మొదలుపెట్టాను. షాంపూ నీళ్లతో కడిగి, ఆరాక మెడికల్ షాపు స్పిరిట్‌తో తుడిచాను. శానిటైజర్ జెల్ వాడొద్దు, అందులో గ్లిజరిన్ ఉంటే దాని మీద రంగు పట్టదు. రేకు బయటపడ్డ చోట అప్పటికే ఎర్రటి చుక్కలొచ్చాయి. తుప్పు మీద రంగు వేయడమంటే చీము పట్టిన కురుపు మీద పట్టీ వేయడమే. 400 నంబరు వాటర్ పేపర్ చిన్న ముక్కని పెన్సిల్ మొనకి చుట్టి, రేకు మెరిసేదాకా ఆ చుక్కల్నే గీకాను. మళ్లీ స్పిరిట్, ఆ తర్వాత రేకు మీద మాత్రమే మెటల్ ప్రైమర్ చుక్క. ప్లాస్టిక్ బంపర్‌కైతే తుప్పు గొడవ లేదు, ప్లాస్టిక్ ప్రైమర్ వేరే దొరుకుతుంది.

ప్రైమర్ ఆరాక అసలు పని. సీసాని రెండు నిమిషాలు బాగా ఊపండి, సిల్వర్ పొడి అడుగున కూర్చుని ఉంటుంది. మూత బ్రష్ పక్కన పడేసి టూత్‌పిక్ తీసుకోండి. మొన మీద ఎంత నిలిస్తే అంతే రంగు, గీత పల్లంలో దించి మొన పైకి తీసేయండి, రంగు తనంతట తనే పాకుతుంది. ముగ్గుకి చుక్కలు పెట్టినట్టు పక్కపక్కనే పెట్టుకుంటూ పోవాలి. అరగంట ఆగి ఇంకో వరస. ఆరేకొద్దీ కుంగుతుంది కాబట్టి నాకు మూడు వరసలు పట్టింది. గీత అంచు దాటి పడ్డది వెంటనే తుడిచేయండి.

మెటాలిక్ రంగుని మాత్రం పేపర్‌తో రుద్దకూడదు, పొడి చెదిరి బూడిదరంగు మచ్చ అవుతుంది. రంగు ప్యానెల్ మట్టానికి కాస్త కిందే ఆపి, మర్నాడు దాని మీద క్లియర్ కోటు చుక్కలు మట్టానికి కొంచెం పైకి వచ్చేలా పెట్టండి. ముసురు పట్టిన రోజు ఈ పని పెట్టుకోవద్దు, గాలిలో తేమకి క్లియర్ పాలు కలిపినట్టు తెల్లబడుతుంది.

ఆ తర్వాత వారం రోజులు ముట్టుకోకూడదు. నాకు ఇదే కష్టమైంది, రోజూ సెల్లార్‌కి దిగి వేలు పెట్టి చూడబుద్ధేసేది. ఎనిమిదో రోజు 2000 నంబరు పేపర్ సబ్బునీళ్లలో నానేసి, పిల్లల రబ్బరు ముక్కకి చుట్టి, గీతకి రెండు వైపులా మాస్కింగ్ టేపు అతికించి, ఉబ్బిన చోట మాత్రమే మెల్లగా రుద్దాను. పది రుద్దులకోసారి తుడిచి చూసుకోవాలి. ఫ్యాక్టరీ క్లియర్ మందం వెంట్రుక మందం కూడా ఉండదు, ఆదమరిస్తే పక్కనున్న మంచి రంగూ పోతుంది. మట్టానికి వచ్చాక టేపు తీసేసి, మెత్తటి గుడ్డతో రబ్బింగ్ కాంపౌండ్ పట్టిస్తే మసక పోయి మెరుపొచ్చింది. వ్యాక్స్ మాత్రం నెల ఆగాకే.

దగ్గరికి వంగి చూస్తే గీత తెలుస్తుంది, సాయంత్రం వాలు ఎండలో ఇంకా తెలుస్తుంది. నాలుగడుగుల దూరం నుంచి మా ఆయనకి కనపడలేదు. రెండు వానాకాలాలు గడిచాయి, తుప్పు మళ్లీ రాలేదు.

సీసాలో ముప్పాతిక మిగిలింది. మూత బిగించే ముందు మూతి మరలు గుడ్డతో తుడవకపోతే వచ్చేసారి పట్టకారు పెట్టినా రాదు. నాది నిలబెట్టి, కోడ్ రాసి, వంటింటి అటక మీద పెట్టాను. పిల్లర్ ఇంకా అక్కడే ఉంది మరి.