మడ్డి మధ్యకు చేరాలంటే

గుండ్రటి బకెట్ నీళ్లలో ఇసుక, మడ్డి ఉంటే కర్రతో ఒకే వైపు గట్టిగా నాలుగైదు సార్లు తిప్పి, కర్ర తీసేయండి. సుడి నెమ్మదించేకొద్దీ మడ్డి అడుగున మధ్యలో చిన్న కుప్పగా చేరుతుంది. అంచు పక్క నుంచి పైపుతో తేట నీళ్లు లాగేసుకోవచ్చు.

తిరిగేది అంచుకు పోవాలి కదా అనిపిస్తుంది. నేనూ మొదట అలాగే అనుకున్నాను. కానీ అడుగును ఆనుకున్న పల్చటి పొరలో రాపిడి వల్ల నీళ్లు మెల్లగా తిరుగుతాయి. పైనున్న సుడి వల్ల అంచు దగ్గర పెరిగిన పీడనం మాత్రం అక్కడా అంతే ఉంటుంది. అదే ఆ పొరను మధ్యకు నెడుతుంది, మడ్డి దాని వెంట జారుతుంది. 1926లో ఐన్‌స్టీన్ టీ కప్పులోని ఆకులతో వివరించింది ఇదే.

మరీ సన్నటి బురదైతే తేలుతూనే ఉంటుంది, దానికిది పనిచేయదు.