గ్యాస్ ఫర్నేస్ బిగింపు: గాలి వచ్చే దారి, దహన వాయువులు పోయే దారి

ఇంటికి కొత్త గ్యాస్ ఫర్నేస్ (గ్యాస్ మంటతో గాలిని వేడి చేసి గదులకు పంపే యంత్రం) బిగిస్తున్నారంటే అందరి దృష్టీ గ్యాస్ పైపు మీదే ఉంటుంది. పైపు లీకైతే, సరఫరా సంస్థ గ్యాస్‌లో కలిపిన ఘాటు వాసన కనీసం మనల్ని హెచ్చరిస్తుంది. కానీ మంటకు గాలి చాలనప్పుడు పుట్టి, బయటికి పోవలసిన దారి సరిగా లేక ఇంట్లోకి తిరిగి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. అది రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కంటే రెండు వందల రెట్లకు పైగా బలంగా పట్టుకుంటుంది కనుక, నిద్రలో ఉన్నవారికి మేలుకునే అవకాశం కూడా ఉండకపోవచ్చు. అందుకే ఈ వ్యాసంలో గ్యాస్ పైపు కంటే గాలికీ, దహన వాయువులకూ ఎక్కువ చోటు ఇస్తున్నాను.

గ్యాస్, వెంట్ (దహన వాయువులను బయటికి పంపే గొట్టం), విద్యుత్ పనులకు చాలా చోట్ల లైసెన్సు ఉన్న సాంకేతిక నిపుణుడు, ముందస్తు అనుమతి, పని పూర్తయ్యాక తనిఖీ తప్పనిసరి. వీటిని ఖర్చుగా చూడకండి. మరొక కన్ను మన పనిని పరిశీలించడం ఇక్కడ ప్రాణరక్షణతో సమానం. ఇంటి యజమాని ఈ క్రమాన్ని తెలుసుకుంటే ఏ ప్రశ్న అడగాలో, ఏ కొలత చూపించమనాలో తెలుస్తుంది. కింది అంకెల్లో చాలావరకు అమెరికాలో అమల్లో ఉన్న జాతీయ ఇంధన వాయు నియమావళిని అనుసరించినవి. మీ ప్రాంతపు నిబంధన గాని, తయారీదారు ఇచ్చిన బిగింపు పుస్తకం గాని ఇంతకంటే కఠినంగా ఉంటే దానినే పాటించాలి.

మొదట సామర్థ్యం. పాత యంత్రం మీద ఉన్న అంకెను చూసి అంతే పెద్దది కొనడం సులువైన పద్ధతే గాని సరైనది కాదు. గోడలు, కిటికీలు, పైకప్పు, గాలి చొరబాటు ద్వారా ఇల్లు ఎంత వేడిని కోల్పోతుందో లెక్కగట్టి ఎంచుకోవాలి. అవసరానికి మించి పెద్దదైతే అది కొద్ది నిమిషాలు వెలిగి ఆరిపోతూ ఉంటుంది. అలా ప్రతిసారీ వేడెక్కీ చల్లారీ హీట్ ఎక్స్‌ఛేంజర్ (మంట వేడిని ఇంటి గాలికి అందించే లోహపు భాగం) అలసిపోతుంది, వెంట్ పైపు పూర్తిగా వేడెక్కక లోపల తేమ పేరుకుని లోహాన్ని తినేస్తుంది.

ఇక చోటు. పడకగదిలోంచో, స్నానాల గదిలోంచో మంటకు గాలి తీసుకునేలా ఫర్నేస్ పెట్టకూడదు. గ్యారేజీలో పెట్టవలసి వస్తే మంట పుట్టే భాగం నేల నుండి కనీసం 18 అంగుళాల ఎత్తున ఉండాలి, ఎందుకంటే పెట్రోలు ఆవిరి గాలి కంటే బరువైనది, నేల వెంట పాకుతుంది. వాహనం తగలకుండా అడ్డుకట్ట కూడా కావాలి. బ్లీచ్, రంగులు, ద్రావకాలు నిల్వ ఉంచే గదిని ఎంచుకోకండి. క్లోరిన్ కలిసిన గాలి మంటలోకి వెళితే ఆమ్లంగా మారి హీట్ ఎక్స్‌ఛేంజర్‌ను తొలుస్తుంది.

ఒక ఘనపుటడుగు సహజ వాయువు పూర్తిగా మండడానికి సుమారు పది ఘనపుటడుగుల గాలి కావాలి. బయటి నుండి సొంత గొట్టం ద్వారా గాలి తీసుకునే ఫర్నేస్‌కు ఈ చింత తక్కువ. గదిలోని గాలినే వాడుకునే రకమైతే లెక్క తప్పదు. సాధారణంగా గాలి చొరబడే ఇళ్లలో, గంటకు ప్రతి 1,000 బి.టి.యు. (వేడిని కొలిచే ప్రమాణం) సామర్థ్యానికి 50 ఘనపుటడుగుల గది పరిమాణం ఉండాలన్నది పాత, నమ్మదగిన సూత్రం. 80,000 బి.టి.యు. ఫర్నేస్, దాని పక్కనే 40,000 బి.టి.యు. గ్యాస్ వాటర్ హీటర్ ఉన్నాయనుకుందాం. రెండింటికీ కలిపి 6,000 ఘనపుటడుగులు కావాలి. ఎనిమిది అడుగుల ఎత్తున్న గదికి అది 750 చదరపు అడుగుల వైశాల్యం. చిన్న గదిలో, అల్మారా వంటి చోట అది అసాధ్యం కనుక పక్క గదిలోకి రెండు రంధ్రాలు పెట్టి రెండు గదుల పరిమాణాన్నీ కలుపుకోవాలి. ఒకటి పైకప్పుకు 12 అంగుళాల లోపల మొదలు కావాలి, మరొకటి నేలకు 12 అంగుళాల లోపల. ప్రతి 1,000 బి.టి.యు.కు ఒక్కో రంధ్రంలో ఒక చదరపు అంగుళం చొప్పున, ఏదీ 100 చదరపు అంగుళాలకు తగ్గకుండా ఖాళీ ఉండాలి. ఇక్కడ చాలామంది పొరబడేది జాలీ విషయంలో: లోహపు జాలీలో ముప్పావు వంతు, చెక్క జాలీలో పావు వంతు మాత్రమే గాలి దారిగా లెక్కకు వస్తుంది. పై ఉదాహరణలో కావలసిన 120 చదరపు అంగుళాలకు లోహపు జాలీ 160 చదరపు అంగుళాలది బిగించాలి. కిటికీలన్నీ బిగుతుగా మూసుకునే కొత్త ఇళ్లకు ఈ సూత్రం వర్తించదు; అక్కడ గాలిని బయటి నుండే తేవాలి.

దహన వాయువులు పోయే దారి ఫర్నేస్ రకాన్ని బట్టి మారుతుంది. ఇంధనంలోని వేడిలో 80 శాతాన్ని ఇంటికి అందించే ఫర్నేస్ వేడి వాయువులను లోహపు వెంట్ ద్వారా పైకి పంపుతుంది. ఆ వెంట్‌లోని అడ్డ భాగం అడుగుకు పావు అంగుళం చొప్పున చిమ్నీ వైపు ఎత్తుకుంటూ పోవాలి, ప్రతి అతుకునూ స్క్రూలతోనో, తయారీదారు చెప్పిన పద్ధతిలోనో బిగించాలి. ఒంటి గోడ పైపుకు చెక్క వంటి మండే వస్తువులు ఆరంగుళాల దూరంలో, రెండు గోడల బి-వెంట్‌కు అంగుళం దూరంలో ఉండాలి. 90 శాతం మించిన ఫర్నేస్‌లో వాయువులు చల్లబడి నీరు కారుతుంది కనుక ప్లాస్టిక్ పైపు వాడతారు. ఆ పైపు అడుగుకు పావు అంగుళం చొప్పున వెనక్కి, ఫర్నేస్ వైపే వాలాలి, లేకపోతే నీరు నిలిచి దారి మూసుకుంటుంది. ఈ రకాన్ని పాత ఇటుక చిమ్నీలోకి వదలరాదు. బయట పైపు నోరు మంచు పేరుకునే మట్టానికి కనీసం 12 అంగుళాల పైన, కిటికీలకూ తలుపులకూ తయారీదారు చెప్పినంత దూరంలో ఉండాలి.

పాత ఫర్నేస్‌ను తీసేసి ప్లాస్టిక్ పైపు ఫర్నేస్ పెట్టినప్పుడు, ఇంతకాలం దానితో చిమ్నీ పంచుకున్న వాటర్ హీటర్ ఆ పెద్ద చిమ్నీలో ఒంటరిగా మిగిలిపోతుంది. దాని చిన్న మంట అంత చిమ్నీని వేడెక్కించలేదు. వాయువులు చల్లబడి కిందికి జారతాయి, తేమ ఇటుకలను తింటుంది, ఒక్కోసారి వాయువులు గదిలోకే వెనుదిరుగుతాయి. ఫర్నేస్ ఎంత చక్కగా బిగించినా ప్రమాదం పక్క యంత్రం నుండి రావచ్చన్నమాట. వాటర్ హీటర్‌కు సరిపడే లోహపు లోపలి గొట్టం, అంటే లైనర్‌ను చిమ్నీలోకి దించడం ఆ రోజే జరగవలసిన పని.

నీరు కారే ఫర్నేస్‌లో ఆ నీరు ఆమ్లగుణం గలది. మొదటిసారి వెలిగించే ముందు, ఆ నీరు పోయే దారిలో వాయువులను అడ్డుకునే వంపు అయిన ట్రాప్‌ను నీటితో నింపాలి, డ్రెయిన్ గొట్టం గడ్డకట్టే చలి తగిలే చోట ఉండకూడదు.

గాలిని మోసే గొట్టాలైన డక్టుల విషయంలో ఒక్క నియమాన్ని మరువకండి. గది నుండి తిరిగి వచ్చే గాలిని మోసే రిటర్న్ డక్టు ఫర్నేస్ గదిలో ఎక్కడా తెరుచుకోకూడదు, అతుకులన్నీ వాటికి పూసే జిగురు ముద్ద అయిన మాస్టిక్‌తో మూయాలి. అక్కడ సందు ఉంటే బ్లోవర్ (గాలిని తోసే ఫ్యాన్) ఆ గదిలోని గాలిని లాగేస్తుంది. ఆ లాగుడుకు వెంట్‌లోని వాయువులు తలకిందులుగా దిగివచ్చి, నేరుగా పడకగదులకు చేరతాయి.

గ్యాస్ పైపు పరిమాణాన్ని పైపు పొడవును, ఇంట్లోని అన్ని గ్యాస్ పరికరాల వాడకాన్ని కలిపి పట్టిక చూసి నిర్ణయించాలి. ఫర్నేస్‌కు ఆరడుగుల లోపల చేత్తో మూసే వాల్వ్, దాని తరువాత యూనియన్ (పైపును విడదీయగల అతుకు), ఆపైన కనీసం మూడంగుళాల లోతున్న మడ్డి ఉచ్చు (గ్యాస్‌లోని మడ్డి దిగిపోయే కింది పైపు ముక్క) ఉండాలి. వంగే కనెక్టర్‌ను ఫర్నేస్ పెట్టె గోడ గుండా దూర్చకూడదు. పెట్టె అదిరినప్పుడు అంచు దాన్ని కోస్తుంది. పైపులో గాలి నింపి పరీక్షించేటప్పుడు ఒత్తిడి అర పి.ఎస్.ఐ. (చదరపు అంగుళానికి అర పౌను) దాటితే ఫర్నేస్‌ను విడదీయాలి, లేదంటే గ్యాస్ వాల్వ్ లోపలి పొర చెడుతుంది. గ్యాస్ వదిలాక ప్రతి అతుకునూ లీకు పరీక్షకు తయారైన ద్రవంతోనో, సబ్బు నీటితోనో తడిపి బుడగల కోసం చూడాలి. అగ్గిపుల్లతో ఎన్నడూ పరీక్షించవద్దు. ఫర్నేస్ ప్రొపేన్‌తో నడవాలంటే తయారీదారు మార్పిడి కిట్ తప్పనిసరి. ప్రొపేన్ గాలి కంటే బరువైనది కనుక లీకైతే బేస్‌మెంట్ నేల మీద గుమిగూడుతుంది.

విద్యుత్తుకు ప్రత్యేక సర్క్యూట్, కంటికి కనిపించే దూరంలో స్విచ్ ఉండాలి. ఎర్త్ వైరు సరిగా లేకున్నా, ఫేజ్, న్యూట్రల్ తారుమారైనా మంట ఉన్నదని గుర్తించే సెన్సర్ పొరబడుతుంది.

వెలిగించాక అసలు పరీక్ష మొదలవుతుంది. మానోమీటర్‌తో బర్నర్ వద్ద గ్యాస్ ఒత్తిడి కొలవాలి. ఒకే దశలో మండే ఫర్నేస్‌కు సహజ వాయువుతో సాధారణంగా 3.5 అంగుళాల ఎత్తు నీటికి సమానమైన ఒత్తిడి ఉంటుంది; పెట్టె మీది ప్లేటులో ఉన్న అంకెదే తుది మాట. తరువాత ఇంట్లోని మిగతా గ్యాస్ పరికరాలన్నీ ఆపి మీటరును గమనించండి. ఒక ఘనపుటడుగు చూపే ముల్లు ఒక చుట్టు తిరగడానికి 45 సెకన్లు పడితే, గంటకు 80 ఘనపుటడుగులు. ఘనపుటడుగుకు సుమారు 1,000 బి.టి.యు. చొప్పున 80,000 బి.టి.యు. అది ప్లేటు అంకెకు దగ్గరగా ఉండాలి. సరఫరా, రిటర్న్ గాలుల ఉష్ణోగ్రతల తేడా కూడా ప్లేటు చెప్పిన హద్దులో ఉండాలి. మంట నీలంగా, నిలకడగా ఉండాలి. బ్లోవర్ తిరగగానే అది చెదిరితే హీట్ ఎక్స్‌ఛేంజర్‌లో పగులు ఉందేమో చూడాలి. వెంట్‌లో కార్బన్ మోనాక్సైడ్‌ను దహన విశ్లేషణ యంత్రంతో కొలవకుండా పని ముగిసిందని ఒప్పుకోకండి. చివరగా తలుపులు, కిటికీలు మూసి, వంటింటి, స్నానాల గది ఫ్యాన్లన్నీ వేసి, చిమ్నీ వాడే వాటర్ హీటర్‌ను వెలిగించి, కొద్ది నిమిషాల తరువాత దాని పైన వెంట్ మొదలయ్యే చోట ఉన్న మూత వద్ద పొగ వచ్చే పుల్ల పట్టి చూడండి. పొగ లోపలికి లాగబడాలి, గదిలోకి చిమ్మరాదు.

వేడి హద్దు దాటితే ఆపే లిమిట్ స్విచ్, వెంట్ దారిలో ఒత్తిడి సరిగా లేకుంటే ఆపే ప్రెషర్ స్విచ్, మంట బయటికి చిమ్మితే ఆపే స్విచ్: వీటిలో ఏది పదేపదే ఆపుతున్నా కారణాన్ని వెతకాలి. వైరుతో కలిపి దాటవేయడం హత్యాప్రయత్నం వంటిదని నేను గట్టిగా నమ్ముతాను.

ప్రతి అంతస్తులోనూ, పడకగదుల వెలుపలా కార్బన్ మోనాక్సైడ్ అలారం బిగించండి. అది మోగినా, ఇంట్లో ఒకేసారి పలువురికి తలనొప్పి, తల తిరగడం, వికారం కలిగినా అందరూ ముందు బయటికి వెళ్లి, అక్కడి నుండి అత్యవసర సేవలకు ఫోన్ చేయాలి. కొలతలన్నీ తేదీతో రాసి ఫర్నేస్ తలుపు లోపలి వైపు అంటించండి. వచ్చే ఏడాది తనిఖీకి వచ్చే నిపుణుడు ఏది మారిందో వాటితో పోల్చి చూస్తాడు.